మూడో పిలుపు

పోయిన బుధవారం పొద్దున పదకొండింటప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలోకి ఒక ఆటో వచ్చింది. నేను వంటింట్లో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. ఈ వీధిలో రోజుకు పాతిక ఆటోలు అరుచుకుంటూ పోతాయి. ఉల్లిపాయలవాడు, పాత ఇనుము కొనేవాడు, కోచింగ్ సెంటర్ల వాళ్ళు. ఏ అరుపూ నా చెవికెక్కదు. ఈ గొంతు వినగానే మాత్రం నా చేతిలోని కాడ చేతిలోనే ఉండిపోయింది.

"పాత పరుపులు ఏకుతాం... దిళ్ళు కుడతాం..."

అని ఆగింది. మైకులో గరగర తప్ప ఇంకేం లేదు. మామూలుగా ఈ రికార్డు గొంతులు ఊపిరి కూడా తీసుకోకుండా అరుస్తూనే పోతాయి కదా, ఇది ఆగింది. ఎవరైనా పలుకుతారేమోనని మనిషి ఎదురుచూస్తే ఎంతసేపు ఆగుతాడో అంతసేపు ఆగింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ ఆగింది. మూడోసారి అనేసరికి నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగుతున్నాను. అరవై మూడేళ్ళదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, ఎట్లా దిగానో దేవుడికే తెలియాలి.

ఆటోలో ఆయన లేడు. వెనకాల దూది ఏకే మిషను, ముందు సీట్లో ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు ఉన్నాడు.

"ఎవరిదయ్యా ఆ గొంతు?"

"మా మావదండి."

"ఆయనేడీ?"

"పోయాడండి. ఎల్లుండి శుక్రవారానికి నలభయ్యో రోజు." కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "గొంతు మార్చాలండీ. మా ఆవిడ వింటే ఏడుస్తంది. కానీ దీనికి బేరాలు బాగా వస్తన్నయ్యి. అందుకని అట్టా ఉంచేశా."

"మధ్యలో ఆగుతుందేమిటి?"

"ఫోన్లో రికార్డు చేసినప్పుడు ఆ ఖాళీలు కోసేద్దాం మావా అన్నానండీ. ఒప్పుకోలా. జనం పలకటానికి సందియ్యకపోతే ఇంక పిలవటం ఎందుకురా అన్నాడు."

మేం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ మైకు మోగుతూనే ఉంది. నెల కిందటే చచ్చిపోయిన మనిషి నా తలమీద నిలబడి, దిళ్ళు కుట్టమంటావా అని అడుగుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ అడుగుతున్నాడు. "ముందు దాన్ని ఆపవయ్యా బాబూ!" అని గట్టిగా కసిరాను. పాపం అతను అదిరిపడి స్విచ్చి నొక్కాడు.

ఆయనకొక పేరు ఉండే ఉంటుంది. నాకు తెలియదు, అడగనూ లేదు. దూదేకుల సాయిబు అనేవాళ్ళు ఊళ్ళల్లో, నేనూ సాయిబూ అనే పిలిచేదాన్ని. మార్టూరు దాటి తూర్పుగా పోతే వాగు ఒడ్డున ఒక ఊరుంది. చుట్టూ పత్తి, మిరప. ఆ ఊరి హైస్కూల్లో పదహారేళ్ళు హిందీ చెప్పాను. కాపురం మార్టూర్లో, ఉద్యోగం ఆ ఊళ్ళో. సాయిబుదీ ఆ ఊరే. అప్పట్లో మిషను లేదు. భుజాన దూది ఏకే విల్లు, చేతిలో దాన్ని కొట్టే కొయ్యగుండు. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. కనుబొమల్లో, చెవుల వెంట్రుకల్లో ఎప్పుడూ దూది నలకలే. స్నానం చేసి వచ్చినా అవి అక్కడే ఉండేవి.

ఆ మనిషికి కొన్ని పద్ధతులుండేవి. ఎవరింటికి పోయినా మీరెంతమంది అని అడగడు, ఎన్ని పరుపులు అంటాడు. పరుపు తెచ్చి ముందు పడేస్తే వెంటనే విప్పడు. అరచెయ్యి ఆనించి, మంత్రసాని పొట్ట తడిమినట్టు మెల్లగా తడుముతాడు. ఆ తర్వాత మనకు అక్కర్లేని మాట ఒకటి అంటాడు.

ఓసారి మా ఇంటి అరుగుమీద కూర్చుని మా పరుపు తడిమి, "టీచరమ్మా, మీరు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. సారు మంచం అంచుకెళ్ళిపోయాడు. మాటల్లేవా ఏంది?" అన్నాడు.

మా ఇద్దరికీ అప్పటికి పదకొండు రోజులుగా మాటల్లేని మాట నిజమే. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ పని నువ్వు చూసుకో సాయిబూ, నా కాపురం ఏకమని నిన్నెవరు పిలిచారు?" అన్నాను. అసలే నాది పెద్ద నోరు. ఆయన నా మొహంలోకే చూస్తూ మొత్తం విని, తలూపి, విల్లు మీటడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం సారుతో నేనే ముందు మాట్లాడాననుకోండి, అది వేరే సంగతి.

ఇంకోసారి మా స్కూలు అటెండరు ఇంట్లో పరుపు తడిమి, అతని భార్యను పక్కకు పిలిచి, "మీ ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమ్మా, ఎడంపక్క ఆనించటంలా" అన్నాడట. వాళ్ళు నవ్వుకున్నారు. సంక్రాంతి వెళ్ళాక మనిషి మంచాన పడ్డాడు, ఉగాది చూడలేదు. ఆ ఇల్లాలు అదే పరుపు మళ్ళీ ఏకమంటే సాయిబు ఒప్పుకోలేదు. పోయినవాళ్ళ దూది ఆయన ఏకడు. అదేంటని అడిగితే, "దానికి ఇంకా బరువు గుర్తుంటదమ్మా, కొన్నాళ్ళు ఎండనీండి" అన్నాడు. ఆ మాటకు నాకు వీపుమీద చలి పుట్టింది. బయటికి మాత్రం, ఏం కబుర్లు చెబుతావయ్యా అని నవ్వేశాను.

అన్నిటికంటే పెద్ద పద్ధతి పిలుపు. ఏ గడప ముందు నిలబడినా మూడుసార్లు పిలుస్తాడు. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఆగుతాడు. నిజానికి ఆ ఊళ్ళో అందరిదీ అదే లెక్క. మసక వెలుతురులో ఒక్కసారి పిలిస్తే ఎవరూ పలకరు. దయ్యం ఒకసారి పిలుస్తుంది, మరీ మొండిదైతే రెండుసార్లు పిలుస్తుంది, మూడోసారి పిలిచే శక్తి దానికి లేదు. పలికామా, వెంట తీసుకుపోతుంది. పసిపిల్లల దగ్గర్నుంచి సర్పంచి దాకా ఇదే నమ్మకం. మూఢనమ్మకాల మీద పిల్లల చేత హిందీలో వ్యాసాలు రాయించి బహుమతులిచ్చేదాన్ని నేను. బహుమతి తీసుకున్న పిల్ల కూడా సాయంత్రం మసకబడ్డాక పిలిస్తే మూడోసారికి గానీ పలికేది కాదు.

తొమ్మిదేళ్ళ కిందట డిసెంబరులో తుఫాను వచ్చింది. మూడు రోజులు వాన. ఏరిన పత్తి అమ్ముకోక ఇళ్ళల్లో గుట్టలు పోసుకుని ఉంది, మిరప కాపుమీద ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున వాగు గట్టు తెగింది. నీళ్ళు శ్మశానం వైపు నుంచి ఊళ్ళోకొచ్చాయి. అందరూ ముందు చెప్పుకున్నది ఆ మాటే. ఎన్ని ఎకరాలు పోయాయన్నది కాదు, నీళ్ళు ఏ దారిన వచ్చాయన్నది.

మధ్యాహ్నానికల్లా మిలట్రీ దిగింది. మార్టూర్లో గ్రానైటు పాలిష్ పట్టే షెడ్డు ఒకటి ఖాళీ చేయించి అందులో క్యాంపు పెట్టారు. లారీల్లోంచి రబ్బరు పడవలు దించారు. రోడ్డు తెగిన చోట లారీ పోదు కనుక, మన రైతులు ట్రాక్టర్లు తెచ్చి ఆ పడవల్ని నీళ్ళదాకా లాక్కెళ్ళారు. ఆడవాళ్ళు షెడ్డులోనే పొయ్యిలు పెట్టి జవాన్లకు కూడా వండారు. పండుమిరప పచ్చడి నాలిక్కి రాసుకున్న ఒక సిక్కు కుర్రాడు కళ్ళవెంట నీళ్ళు కారుస్తూ, ఇంకొంచెం వెయ్యమని చెయ్యి చాపడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వాళ్ళకు తెలుగు రాదు, వీళ్ళకు హిందీ రాదు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి మనిషి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "హిందీ టీచరమ్మా, మీరు తప్పితే దిక్కు లేదు" అన్నాడు. నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. ఆ సంగతి ఎవరితోనూ అనకుండా, లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవెక్కాను.

మేజరు చిన్నవాడే, ముప్పై కూడా ఉండవు. ఉత్తరాదిన ఏదో కొండ ప్రాంతం మనిషి. నా హిందీ విని జవాన్లు ముసిముసిగా నవ్వారు. నాది పుస్తకాల హిందీ మరి. ఊళ్ళో ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో చెప్పగలవాళ్ళు కావాలి అన్నాడు మేజరు. రేషను కార్డుల జాబితా తెచ్చారు. అందులో చచ్చినవాళ్ళు బతికున్నారు, బతికున్నవాళ్ళు లేరు. అప్పుడు గుంపులోంచి సాయిబు ముందుకొచ్చాడు. ఆయన, భార్య, కూతురు పొద్దున్నే ట్రాక్టరు మీద బయటపడ్డారు.

"మనుషుల లెక్క నాకు తెలవదు. పరుపుల లెక్క చెబుతా" అన్నాడు.

మేజరు ఆయన టోపీ చూసి ఆప్యాయంగా ఉర్దూలో ఏదో అడిగాడు. సాయిబు అతని మొహంలోకి కాసేపు చూసి, "మాకు తెలుగే బాబూ" అన్నాడు. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. రామాలయం పక్క పెంకుటింట్లో నాలుగు పరుపులు, ఒక ఉయ్యాల బొంత. దాని ఎదురింట్లో రెండు పరుపులు, ఒకటి గట్టిది, నడుంనొప్పి మనిషిది. నేను హిందీలో చెబుతుంటే హవల్దారు రాసుకున్నాడు. నూట పది ఇళ్ళు చెప్పాడు, కాయితం లేకుండా.

ఊళ్ళోకి పడవ వెళ్ళేసరికి పట్టపగలే మబ్బుకు దీపాలవేళలా ఉంది. వీధి నిండా నీళ్ళు. ఇళ్ళల్లోంచి పత్తి కొట్టుకొచ్చి వీధంతా తెల్లగా పరుచుకుంది. పడవ పోతుంటే ఆ తెలుపు విడిపోయి, వెనకాల మళ్ళీ కలుసుకుంటోంది. కుక్క అరుపు లేదు, పసిపిల్ల ఏడుపు లేదు. హవల్దారు మైకులో "కోయీ హై?" అని అరిచాడు, ఎవరైనా ఉన్నారా అని. ఒక్క ఇంట్లోంచీ ఉలుకూ పలుకూ లేదు. ఊరు ఖాళీ అయిపోయిందేమో అన్నాడు మేజరు.

అప్పుడు చూశాను. ఓ పెంకుటింటి అటక కిటికీలో రెండు కళ్ళు. పక్కింటి గోడమీంచి ఇంకో రెండు. మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక నాలుగో అయిదో మొహాలు. అందరూ మమ్మల్ని చూస్తున్నారు. నేను పాఠాలు చెప్పిన పిల్లలు కూడా ఉన్నారు వాళ్ళల్లో. ఎవరూ నోరు విప్పడంలేదు. మునిగి చస్తున్నారు, ఎదురుగా పడవ ఉంది, అయినా మాట్లాడటంలేదు. నా జన్మలో అంత భయం ఎన్నడూ వేయలేదు.

"వీళ్ళెందుకు పలకరు?" అని మేజరు నన్నడిగాడు. నాకు నిజం చెప్పడానికి నామోషీ అయింది. మా ఊరివాళ్ళు నిన్ను దయ్యమనుకుంటున్నారు నాయనా అని ఆ కుర్రాడితో ఏ మొహం పెట్టుకుని చెప్పను? "కొత్త మనుషులంటే సిగ్గు" అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికన్నాడట, అట్లా ఉంది నా జవాబు.

సాయిబు పడవ ముక్కుమీద ఇళ్ళకు వీపు పెట్టి, మా వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. అట్లాగే కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, ఆ ఇంటి పెద్ద పేరు పెట్టి పిలిచాడు. ఆగాడు. మళ్ళీ పిలిచాడు. ఆగాడు. మూడోసారి పిలిచాడు. మా అందరి మొహాలూ ఒకేసారి కిటికీవైపు తిరిగాయి.

"ఓయ్! సాయిబూ! ఇక్కడున్నామయ్యో!"

ఒక ఇల్లు పలకగానే వీధంతా పలికింది. ఏడుపులు, అరుపులు, దేవుళ్ళ పేర్లు. మేజరు నావైపు తిరిగాడు, ఇంక చెప్పక తప్పలేదు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా కొండల్లో కూడా అంతే మేడంజీ. మా అమ్మ ఇప్పటికీ ఒక్క పిలుపుకు పలకదు" అన్నాడు. జవాన్లకు ఆర్డరు వేశాడు. ప్రతి ఇంటి ముందు మోటారు ఆపాలి, చాచా, అంటే మన సాయిబు, మూడుసార్లు పిలవాలి, అప్పటిదాకా పడవ కదలకూడదు. ఆ రోజూ మర్నాడూ రెండు వందల మందికి పైగా అట్లా పిలిచి తెచ్చారు. జవాన్లు కూడా నేర్చుకున్నారు. బీహారు కుర్రాళ్ళు తెలుగు పేర్లు నానా రకాలుగా విరుస్తూ మూడేసిసార్లు పిలుస్తుంటే, అటకల మీద ఉన్నవాళ్ళు అంత కష్టంలోనూ నవ్వారు.

రెండోరోజు సాయంత్రం నాలుగున్నర అయింది. వాన మళ్ళీ అందుకుంది. పడవలో తొమ్మిదిమందిమి. అందులో ఒక నెలలు నిండిన పిల్ల, నొప్పులు పడుతోంది. ఇక క్యాంపుకు తిప్పేద్దామంటుండగా సాయిబు చెయ్యెత్తాడు. "చేలో గది ఉంది. ఒక పరుపు."

నాకు తెలుసు అది ఎవరి గదో. రేగుపళ్ళ అవ్వది. మిరప చేలో బోరు షెడ్డు పక్కన రేకుల గదిలో ఒక్కతే ఉంటూ కాపలా కాసేది. రోజూ మా స్కూలు గేటు దగ్గర చాట పెట్టుకుని రేగుపళ్ళు అమ్మేది. ఎవరు పిలిచినా "ఓయ్" అని సాగదీసి పలికేది. నేను గేటు దాటేటప్పుడల్లా కొంగున నాలుగు కాయలు వేసి డబ్బులు వద్దనేది.

పడవ అక్కడికి పోయింది. గదికి సగం దాకా నీళ్ళు. తలుపు మూసే ఉంది. మోటారు ఆపారు. సాయిబు పిలిచాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి పిలిచాడు. అప్పుడే ఆ కడుపుతో ఉన్న పిల్ల కెవ్వున అరిచి నా చెయ్యి పట్టుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి ఇన్ని నీళ్ళు లోపలికొచ్చాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేజరు గాభరాగా, "చాచా ఏమంటున్నాడు? లోపల మనిషి ఉందా?" అని నన్నడిగాడు.

సాయిబు నాతో అన్నది ఇది: "ఇంకొక్కసారి పిలవనీయమనండి టీచరమ్మా. అవ్వ ఉంటది."

నేను మేజరుతో అన్నది ఇది: "ఎవరూ లేరంటున్నాడు."

అంతే. నేనే అన్నాను. భయంతో అన్నాను. ఆ నీళ్ళల్లోంచి బయటపడితే చాలని అన్నాను. కడుపుతో ఉన్న పిల్ల కోసమని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం.

మోటారు వేశారు. పడవ తిరిగింది. సాయిబు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వెళ్ళిపోతున్న పడవలోంచే గొంతు చించుకుని మూడోసారి పిలిచాడు. మోటారు రొద, వాన, ఆ పిల్ల కేకలు. వాటన్నిటి అడుగునుంచి, సన్నగా, సాగదీసి, "ఓయ్" అని వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు మూసే ఉంది. మళ్ళీ ముందుకు తిరిగి ఆ పిల్ల తల నిమురుతూ కూర్చున్నాను.

ఆ రాత్రే క్యాంపులో ఆమెకు మిలట్రీ డాక్టరు పురుడు పోశాడు. మగపిల్లాడు. ఊళ్ళో అందరూ వాణ్ణి మిలట్రీ అనే పిలుస్తారు.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాయి. చేలో గదికి వెళ్ళాం. మంచంమీద బల్ల, బల్లమీద పరుపు, పరుపుమీద అవ్వ. ముడుచుకుని పడుకుని ఉంది. నీళ్ళు అక్కడిదాకా రాలేదు, పరుపు పొడిగానే ఉంది. డాక్టరు చూసి, పోయి రెండు రోజులైందన్నాడు. రెండు రోజులకు తక్కువ కాదు, ఎక్కువే ఉండొచ్చన్నాడు. అంటే మేం పిలిచేనాటికే లేదన్నమాట. మేజరు టోపీ తీసి నిలబడ్డాడు. నాకు గుండెలమీంచి బండ దింపినట్టయింది. మరుక్షణమే, అయితే పలికిందెవరు అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. అది ఇంతవరకూ లేవలేదు.

సాయిబు పరుపుమీద పెట్టడానికి చెయ్యి చాపాడు. మధ్యలోనే ఆపి, ఆ చెయ్యి చంకలో పెట్టుకున్నాడు. పరుపు కనిపించీ ఆయన తడమకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బయటికొచ్చాక నా ఎదురుగా నిలబడి మెల్లగా అడిగాడు.

"నిన్న ఎవరన్నా పలికారా టీచరమ్మా?"

"ఎవరూ పలకలేదు" అన్నాను.

"సరేనమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యి గుంటూరు వచ్చేశాను. అల్లుడు ఆటో కొన్నాక ఆయన బేరానికి గుంటూరు రావడం మొదలుపెట్టాడు. రెండు మూడు నెలలకోసారి ఆటో బజార్లో వదిలి, ఒక్కడే నడుచుకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడేవాడు. మంచినీళ్ళు తాగేవాడు, మిలట్రీగాడు బడికి పోతున్నాడని చెప్పేవాడు. లేచేముందు తప్పకుండా అడిగేవాడు. "ఆ రోజు ఎవరన్నా పలికారా టీచరమ్మా?" ఎవరూ పలకలేదు సాయిబూ అనేదాన్ని. సరేనమ్మా అనేవాడు.

మొదట్లో భయమేసేది. తర్వాత్తర్వాత కోపం వచ్చేది. తనూ విన్నాడు కదా, తన చెవులతో విన్నది నా నోటితో చెప్పించాలని ఈ పట్టుదలేమిటి అనుకునేదాన్ని. ఒకసారి మండిపోయి, "ఎన్నిసార్లడుగుతావయ్యా? పలికితే నీకు వినపడదా?" అన్నాను. ఆయన నా పెదాలవైపు చూసి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అదే ఆఖరుసారి రావడం.

శుక్రవారం ఆ ఊరికి, సాయిబు నలభయ్యో రోజుకు వెళ్ళాను. పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా అయిపోయింది. చుట్టాలు భోంచేసి సర్దుకుంటున్నారు. సాయిబు భార్య పొట్టిగా, బక్కగా ఉంది. ఎప్పుడో మిలట్రీ క్యాంపులో దూరంనుంచి చూడటమే. నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి చాపమీద కూర్చోబెట్టింది.

"మీరేనా టీచరమ్మ? మా ఆయనకి మీరంటే ఎంత గురో" అంది. "చెవులు పోయిన మనిషితో అంత ఓపిగ్గా ఎవురు మాట్టాడతారు చెప్పండి."

"చెవులు పోవడమేంటమ్మా?"

"మీకు కూడా చెప్పలేదా? విల్లు కొట్టీ కొట్టీ ఒక చెవి ముందే పోయింది. తుఫానుకి ఏడాది ముందరే రెండోది కూడా పోయింది. చెవిటోడంటే బేరాలు పోతయ్యని నన్ను ఎవురికీ చెప్పనియ్యలా. మనిషి మొహం చూసి మాట పట్టుకునేవోడు. గడపలో పిలిచి, పక్కనెవరన్నా ఉంటే వాళ్ళ మొహం చూసేవోడు, పలికారో లేదో."

ఆవిడ చెప్పుకుపోతోంది.

"ఆ రోజు పడవలో మూడోసారి పిలిచినప్పుడు మీ తల తిరిగిందంట. అంతమందిలో మీ ఒక్కరిదేనంట. ఎవురో పలికారే, నేను వొదిలేసి వొచ్చానే అని ఆ రేత్రి క్యాంపులో ఒకటే ఏడుపు. తెల్లారి మిమ్మల్ని అడిగితే లేదన్నారంట. టీచరమ్మ అబద్ధం ఎందుకాడుద్ది, నేనే తప్పు చూసుంటా అనేవోడు. మళ్ళీ కొన్నాళ్ళకి మనసు పీకేది. మీ దగ్గిరికొచ్చి అడిగెళ్ళినాక, రెండు నెలలు బాగా నిద్రపోయేవోడమ్మా. మీ పుణ్యమే."

వినని మనిషి. తొమ్మిదేళ్ళు ఇద్దరం విన్నామనుకున్నాను. ఆ పాపంలో సగం ఆయనదనుకుని బతికాను. ఆయన వినలేదు, మేజరు వినలేదు, తొమ్మిదిమందిలో ఎవరూ వినలేదు. నేనొక్కదాన్నే.

"ఆయన లేడు గదా ఇంక" అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని. "నాకు చెప్పండి. నిజంగా ఎవురూ పలకలేదు గదా?"

అబద్ధం అలవాటైన నోరు నాది. ఇంకోసారి అనడం ఎంతసేపు? ఆవిడ మాత్రం నా మొహంలోకే చూస్తోంది, అచ్చం ఆయన చూసినట్టు.

"పలికింది" అన్నాను.

ఆవిడ చెయ్యి తీసేయలేదు. "ఎన్నిసార్లు?" అని అడిగింది.

ఇందాకట్నుంచీ మీక్కూడా ఒక్కసారేనన్నట్టు చెబుతూ వచ్చాను. కాదు. పడవ వాగు మలుపు తిరిగేదాకా, ఎవరూ పిలవకపోయినా, అవ్వ పలుకుతూనే ఉంది.